మైకుసెట్టు బాబాయ్

ఏ మతం సభ జరిగినా వేదిక పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునే మనిషి మైకుసెట్టు బాబాయ్. వైర్ల తొక్క పళ్లతో ఒలిచీ ఒలిచీ ముందుపళ్లు అరిగిపోయాయి. వక్త మెడనరాలు ఉబ్బడం చూసి, అరవబోతున్నాడని పసిగట్టి, ముందే శబ్దం తగ్గిస్తాడు. అన్ని మతాల పవిత్ర యుద్ధాల చరిత్రా ఆయన చెవిన పడింది. రాజులు మారతారు, కోటలు మారతాయి, చంపినవాళ్లు మాత్రం ప్రతిసారీ పుణ్యాత్ములే. వింటూ ఆవులిస్తాడు.

మొన్న సాయంత్రం వక్త పాత యుద్ధాల దగ్గర ఆగలేదు. "మన తాతలు మొదలుపెట్టింది మనం ముగించాలి. రొట్టెల బట్టీ వెనక సందునిండా ఆ మతంవాళ్లే. లేవండి..." అన్నాడు. అంతే, మైకు మూగబోయింది.

కార్యకర్త ఒకడు పరుగెత్తుకొచ్చి, "ఫ్యూజు పోయిందని చెప్పు బాబాయ్, లేకపోతే చంపేస్తారు," అని చెవిలో గొణిగాడు.

"ఫ్యూజుకేం, గుండ్రాయిలా ఉంది. నేనే కట్టేశాను," అన్నాడు బాబాయ్ గట్టిగా.

నిర్వాహకుడు వచ్చి కాలరు పట్టుకున్నాడు. "అద్దె పుచ్చుకుని ఇదేం పొగరు?"

"మాట్లాడ్డానికిచ్చాను బాబూ, మనుషుల మీదికి ఉసిగొల్పడానికి కాదు."

చెంప ఛెళ్లుమంది. వేదిక మీద వక్త గొంతు చించుకుంటున్నా మాట రెండో వరుస దాటడం లేదు. వెనకున్న జనం ఏమీ వినపడక, విసుక్కుంటూ లేచి ఇళ్లకు పోతున్నారు.

బాబాయ్ పెదవి మీది నెత్తురు తుడుచుకున్నాడు. "కొట్టండి. ఈ జనమంతా వెళ్లిపోయేదాకా కొడుతూనే ఉండండి."