నాయన చూసిన కాలివేళ్లు

పోయిన వారం హిందూపురంలో మా మనవరాలికి అపెండిక్స్ ఆపరేషన్ అయింది. నొప్పి పదిలో ఎంతని డాక్టరమ్మ అడిగితే, ఆ పిల్ల తడుముకోకుండా తొమ్మిదనింది. అడగ్గానే ఉన్నదున్నట్టు చెప్పేసే మనిషి మా ఇంట్లో ఎట్లా పుట్టిందా అని నేను నోరు తెరిచినాను.

మాది బట్టల అంగడి. పట్టుచీరలు కొనడానికి ధర్మవరం పోయినప్పుడల్లా నాయన నాకు నేర్పిన విద్య ఒకటే, మనసులోది ముఖంలో కనపడనీయకూడదని. ఇరవై ఏళ్లకే అందులో ఆరితేరినానని నా గర్వం. ఆ వయసులోనే ఒకసారి అట్లా పోయిన రోజు, పొద్దున బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి, మధ్యాహ్నానికి కుడివైపు కిందికి దిగింది. ఇంటికి పోయే తొందరలో ఉన్నామని నేతగాళ్లకు తెలిస్తే బేరం చెడుతుందని, చీరల ముందర బిగబట్టుకుని కూర్చున్నాను. తిరుగు రైల్లో రెండుసార్లు వాంతి చేసుకునేసరికి నాయన నన్ను దారిలో పెనుకొండలో దింపి ఆస్పత్రికి పిల్చుకపోయినాడు.

"ఎంతుందప్పా నొప్పి?" అన్నాడు పెద్ద డాక్టరు.

"రవ్వంత సార్, సోడా తాగితే పోతాది" అని, నొప్పిని కూడా సగానికి దించి చెప్పినాను.

ఆయన కుడిపక్క మెల్లగా అదిమి, చటుక్కున చెయ్యి తీసినాడు. ప్రాణం పోయినంత పనయింది గానీ, అలవాటు కొద్దీ నా ముఖం కదలలేదు. అయితే పొద్దున దాకా చూద్దాంలే అని ఆయన అంటూండగానే, కాళ్ల దగ్గర నిలబడిన నాయన అడ్డం పడినాడు.

"వీని మొగం నమ్మొద్దండి సార్, ఆ విద్య నేర్పింది నేనే. ఇంకోసారి నొక్కి, వీని కాలేళ్లు చూడండి!"

ఎంత గట్టి బేరగాడైనా, చీర నచ్చితే చాప మీద వాని కాలివేళ్లు ముడుచుకుంటాయంట. ఇన్నేళ్లూ ఈ రెండో విద్య నాకు చెప్పకుండా దాచుకున్నాడు మహానుభావుడు! డాక్టరు మళ్లీ నొక్కి వదిలినాడు. నా వేళ్లు పదీ ముడుచుకుపోయినాయి. వెంటనే జీపు మాట్లాడి హిందూపురం సర్జను దగ్గరికి పంపినాడు. ఇంకొంచెం ఆలస్యమైతే అపెండిక్స్ లోపలే పగిలిపోయేదని, కోసి తీసినాక చెప్పినారు.

"నా దగ్గరే బేరమా రా?" అని మంచం పక్కన నాయన నవ్వినాడు. ముఖంలో భయమేమీ కనపడలేదు. కాళ్లు చూసినాను. చెప్పుల్లో ఆయన వేళ్లు ఇంకా ముడుచుకునే ఉన్నాయి.

ఇప్పుడు స్కానింగు అంతా చూపిస్తుంది, మూడు చిన్న గాట్లతో పని అయిపోతుంది, మూడోనాడు ఇంట్లో ఉంటారు. ఒకరి కాళ్లు ఒకరు చదివే పని ఎవరికీ లేదు, మంచిదే. అయినా నిన్న మనవరాలు నిద్రపోతుంటే, దుప్పటి అంచు కొంచెం ఎత్తి చూసినాను. వేళ్లు హాయిగా విచ్చుకుని ఉన్నాయి. అప్పుడుగానీ నా వేళ్లు వదులు కాలేదు.