చింతపండు కొడుతూ చూసిన మద్రాసు

పెళ్లయిన మూడో ఏడు నా భర్త విషజ్వరంతో పోయాడు. అత్తవారిది కర్నూలు పక్కన తుంగభద్ర ఒడ్డున ఒక ఊరు. నాకు పిల్లలు లేరు. వెళ్లిపొమ్మని అక్కడ ఎవరూ నోరు తెరిచి అనలేదు. కర్మకాండ ముగిసిన మర్నాడు నా ట్రంకుపెట్టె లోపలి గదిలోంచి తెచ్చి వసారాలో పెట్టారు, అంతే. మా అన్న వచ్చి నన్ను కడపకు తీసుకొచ్చాడు.

అన్నకు కడపలో బట్టలంగడి ఉండేది. ఆయనా వదినా చెడ్డవాళ్లు కారు. తిండికీ గుడ్డకూ లోటు చేయలేదు. కానీ ఆ ఇంట్లో నాతో పనిబడి మాట్లాడేవాళ్లే తప్ప ఊరికే మాట్లాడేవాళ్లు లేరు. వాళ్లు శుభకార్యాలకు బయల్దేరే వేళకు నేను పెరట్లోకి వెళ్లి నిలబడేదాన్ని. అలా నిలబడమనీ ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్లకు నోరు విప్పితే నా గొంతు నాకే కొత్తగా వినబడేది.

అలా నాలుగైదేళ్లు గడిచాక యుద్ధం వచ్చింది. ఒక ఎండాకాలం, మద్రాసు మీద జపానువాళ్లు బాంబులు వేస్తారని పుకారు పుట్టి ఆ పట్నం సగానికి సగం ఖాళీ అయింది. రైళ్లు కిక్కిరిసి వచ్చేవి. కడపలో పశువుల కొట్టాలు కూడా అలికి అద్దెకిచ్చారు. మా ఇంటి ముందు గదులు రెండూ మద్రాసు హార్బరు ఆఫీసులో పనిచేసే ఒకాయన అడిగి తీసుకున్నాడు. భార్యను అక్కడ దించి, మరుసటి రైలుకే తిరిగి వెళ్లిపోయాడు. నెలకొకసారి వచ్చి ఒక పూట ఉండి పోయేవాడు.

ఆమెకు ముప్పై అయిదు దాటి ఉంటాయి. పిల్లల్లేరు. తెల్లగా, సన్నగా, నడిస్తే అడుగుల చప్పుడు కూడా వినబడనట్టు ఉండేది. వచ్చిన మూడోనాడు మధ్యాహ్నం నేను వసారాలో చింతపండు కొడుతున్నాను. ఆమె తన గదిలోంచి వచ్చి నా ఎదురుగా కూర్చుని, చింతకాయలు కొన్ని తనవైపు లాక్కుంది.

"గింజ ఎలా తీయాలో చూపించు చెల్లీ," అంది.

నన్ను చెల్లీ అని పిలిచినవాళ్లు అంతకుముందు లేరు. ఆమెను నేను అక్కా అన్నాను. పేరు తర్వాతెప్పుడో తెలిసింది గానీ దానితో ఎన్నడూ పిలవలేదు.

"మద్రాసు ఎట్లుంటాదక్కా?" అని ఆ రోజే అడిగాను.

ఆమె రాయి పక్కన పెట్టి, గింజల కుప్పలో వేలితో ఒక గీత గీసింది. "ఇది మా వీధి. చివర అమ్మవారి గుడి. అక్కడ ఎడమకు తిరిగితే ట్రాము వస్తుంది. గంట మోగుతూ వస్తుంది. ఎక్కుదామా?"

ఎక్కాను. అక్కతో కలిసి అలా మద్రాసు చూడడం మొదలుపెట్టాను. ఒకనాడు తిరువళ్లిక్కేణి. అక్కడ పార్థసారథి స్వామికి మీసాలుంటాయనీ, భీష్ముడి బాణాలు తగిలిన మచ్చలు మొహం మీద ఇప్పటికీ కనిపిస్తాయనీ చెప్పింది. ఒకనాడు మైలాపూరు కపాలీశ్వరుడు, అక్కణ్నుంచి నడిచి వెళితే శాంతోము చర్చి, ఆకాశానికి గుచ్చుకున్నట్టుండే దాని తెల్లటి గోపురం. ఒకనాడు హైకోర్టు. దాని మీదే లైట్‌హౌసు ఉందంటే నేను నమ్మలేదు. "కోర్టు మీద దీపం ఎందుకుంటాదక్కా?" అంటే, "ఓడలకు కనిపించాలి గదా, అక్కడ దానికంటే ఎత్తయిన మేడ లేదు మరి," అంది. జంతువుల తోటను జనం బతికిన కాలేజీ అంటారనీ, మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అంటారనీ చెప్పినప్పుడు నేను గట్టిగా నవ్వాను. వంటింట్లోంచి వదిన తొంగిచూసింది. ఆ ఇంట్లో నా నవ్వు వినడం ఆమెకు అదే మొదలు.

అన్నిటికంటే సముద్రం గురించి ఎక్కువ అడిగేదాన్ని. నేను చూసిన పెద్ద నీళ్లు తుంగభద్రవే, అవీ వేసవిలో రాళ్ల మధ్య పాయలుగా పారేవి. అక్క చెప్పే సముద్రం పచ్చగా ఉండేది. మధ్యాహ్నం నిద్రపోయి సాయంత్రం లేచేది.

ఆమె భర్త ఒకసారి వచ్చినప్పుడు భోంచేస్తూ, మామూలుగా ఏదీ మాట్లాడని మనిషి, ఒక్క మాట చెప్పాడు. బాంబులు పడి బోన్లు పగిలితే ఊరి మీద పడతాయని జంతువుల తోటలో పులుల్నీ సింహాల్నీ కాల్చేశారట. అక్క వడ్డిస్తున్న గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆయన వెళ్లాక రెండు మూడు రోజులు నన్ను ఎక్కడికీ తీసుకెళ్లలేదు. "ఇవాళ వద్దులే చెల్లీ," అనేది.

వానలు మొదలయ్యాక ఒకరోజు, "మీ ఊళ్లో చూడ్డానికి ఏముంది?" అని అడిగింది.

"ఏముండాదక్కా ఈడ, ఎండ తప్ప," అన్నాను. నిజానికి నాకు తెలియదు. కడపలో అన్నేళ్లున్నా, చూసినది మా వీధే.

ఊరు చూడ్డానికి నన్ను తోడు పంపమని అక్క నేరుగా అన్ననే అడిగింది. అద్దెకున్న పట్నం మనిషి, పైగా ఆమె భర్త మాట మర్యాద తెలిసినవాడు. అన్న తల గోక్కుని, నా వైపు తిరిగి, "సరే పాపా, ఆయమ్మకు తోడు పోయిరా," అన్నాడు. జట్కా కట్టించి దేవుని కడపకు పంపాడు. గుడి దగ్గర దిగి అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. జనాన్ని చూస్తే ఆమె చెయ్యి చల్లబడేది. పట్నంలో పెరిగిన మనిషికి ఇంత జంకెందుకా అనుకున్నాను, అంతకుమించి ఆలోచించలేదు.

పెద్ద దర్గాకు మా వీధికి గాజులు తెచ్చే ముస్లిం ఆమె తీసుకెళ్లింది. నాకు గాజులు తొడిగే పని లేకపోయినా మా అరుగు మీద కాసేపు కూర్చుని పోయే మనిషి ఆమె. నేను వెనకాడుతుంటే, "రామ్మా, నేనుండా గదా. పీరయ్య దగ్గర ఎవురైనా ఒగటే," అంది. లోపల అగరొత్తుల వాసన, సమాధి మీద కప్పిన మల్లెల చాదరు, గోడకానుకుని కళ్లు మూసుకున్న ఆడవాళ్లు. నేనూ కూర్చున్నాను. నువ్వెవరి ఇంటిదానివి, మీ ఆయన ఏం చేస్తాడు అని ఎవరూ అడగలేదు. ఆ రోజు అక్కడ ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఇంటికొచ్చేసరికి వదిన దీపాలు తనే పెట్టుకుంది.

ఆ ఉగాదికి అక్క ఇంకా కడపలోనే ఉంది. మేము మళ్లీ దేవుని కడపకు వెళ్లాం. ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలూ బెల్లమూ పట్టుకుని వెంకటేశ్వరుడి గుడికి వస్తుంటే అక్క ఆశ్చర్యపోయి చూసింది. గాజుల ఆమె కూడా ఉంది వాళ్లలో. "మా తురకోళ్ల ఆడబిడ్డను ఈ సామికిచ్చి పెండ్లి చేసినాం గదమ్మా. సంవత్సరానికి ఒగసారన్నా అల్లుడింటికి రావల్ల," అంది నవ్వుతూ. అక్క ఆ మాటనే రెండు మూడు రోజులు తలచుకుంది. "మా ఊళ్లో ఇలాంటిది చూడలేదు," అంది.

కొద్ది రోజులకే ఆమె భర్త వచ్చి తీసుకెళ్లాడు. జట్కా ఎక్కుతూ అక్క, "మద్రాసుకు రా చెల్లీ. అన్నీ చూపిస్తాను," అంది. ముందు గదులు మళ్లీ బట్టల మూటలతో నిండాయి. మధ్యాహ్నాలు నేను ఆ గదుల వైపు వీపు పెట్టి కూర్చునేదాన్ని. గాజుల ఆమె వచ్చి, "ఏమ్మా, పచ్చగడ్డి కోసేసిన మడి మాదిరి ఉండావు," అనేది.

యుద్ధం అయిపోయింది. ఆ తరవాతి ఏడు వదినకు గొంతులో గడ్డ లేచింది. మద్రాసు పెద్దాసుపత్రిలో కోయించాలన్నారు. తోడుండి వండిపెట్టడానికి నన్ను తీసుకెళ్లారు. సత్రంలో దిగాం. కోత బాగా జరిగింది. వదిన లేచి కూర్చున్నాక ఒకరోజు తనే అంది, మూలుగుతూ, "ఆయమ్మ ఇల్లు ఈడనే అంటివి గదా. పోయి చూసిరాపో. మీ అన్న ఉండాడులే నా దగ్గర."

అద్దెకున్నప్పుడు ఆయన ఇచ్చిన అడ్రసు అన్న దగ్గర ఉంది. మాతో వచ్చిన అన్న కొడుకు సత్రం నుంచి వీధి మొదటి దాకా తోడొచ్చి వెనక్కి పోయాడు. అక్కణ్నుంచి నేను దారి ఎవరినీ అడగలేదు. ఇరుకు సందు, రెండువైపులా మసాలా దినుసుల కొట్లు. చివర అమ్మవారి గుడి, అక్క చెప్పినట్టే. తలుపు తట్టితే అక్కే తీసింది. జుట్టు చాలా నెరిసింది. నన్ను చూసి కొంగుతో నోరు మూసుకుంది. ఇద్దరం గడప మీదే కూలబడి ఏడ్చాం, నవ్వాం.

కాఫీ తాగాక నేను, "నాకు ఈ పూట ఖాళీ ఉండాదక్కా. ముందు సముద్రానికి పోదాం," అన్నాను.

అక్క గ్లాసులు తీస్తూ, "ఎందుకులే, ఎండ," అంది.

"సాయంత్రం పోదాం. గుడి దగ్గర ఎడమకు తిరిగితే ట్రాము గదా?"

ఆమె గ్లాసులు కింద పెట్టేసింది. నా వైపు చూడకుండా, "నేనెప్పుడూ ట్రాము ఎక్కలేదు చెల్లీ," అంది.

నాకు అర్థం కాలేదు. అక్క గోడకానుకుని మెల్లగా చెప్పింది. "గుడి దాకా పోతాను, శుక్రవారాలు. అంతకుమించి ఈ ఊళ్లో నేనేమీ చూడలేదు. అన్నీ ఆయన చెప్పినవే. పెళ్లయిన కొత్తలో ఆఫీసు నుంచి వచ్చి నా పక్కన కూర్చుని రోజూ ఏదో ఒకటి చెప్పేవారు. వచ్చే ఆదివారం తీసుకెళతా అనేవారు. అత్తగారు గడప దాటనిచ్చేది కాదు. పిల్లలు పుట్టలేదు. ఆయన చెప్పడం మానేశారు. అత్తగారు పోయేనాటికి నేనే అడగడం మానేశాను." నా వైపు తిరిగి, "నువ్వు అంత ఆశగా వింటుంటే చూడలేదని ఎట్లా చెప్పను? చెబుతుంటే నేనూ చూసినట్టే ఉండేది," అంది.

నాకు కోపం రాలేదు. కానీ లోపల ఏదో ఖాళీ అయిపోయింది. ఏళ్ల తరబడి నేను తిరిగిన ఆ పట్నం, నెలకొకసారి వచ్చి తలెత్తకుండా అన్నం తిని పోయిన మనిషిదా? ఆయన ఒకప్పుడు అంత మాట్లాడేవాడా?

"లే అక్కా," అన్నాను. "ఇద్దరం ఉండాం గదా. దారి అడుక్కుంటా పోదాం."

అక్క గోడ గడియారం చూసింది. తర్వాత లేచి చీర మార్చుకుంది.

ట్రాములో ఆమె కళ్లు మూసుకునే కూర్చుంది. తిరువళ్లిక్కేణిలో దిగి ముందు గుడికి వెళ్లాం. హారతి వెలుగులో స్వామి మొహం కనబడింది. అక్క మునివేళ్ల మీద నిలబడి చూసి, నా చెవి దగ్గర, "మచ్చలు నిజమే," అంది. అది పార్థసారథి గురించి కాదు, ఒకప్పుడు ఆ మచ్చల సంగతి చెప్పిన ఆయన గురించి అన్న మాటని నాకు తెలుసు.

అక్కణ్నుంచి నడిచాం. ఇసుక మేము అనుకున్నదానికంటే ఎంతో ఎక్కువ, నడిచిన కొద్దీ ఇసుకే. సముద్రం పచ్చగా లేదు. సీసం రంగులో ఉంది, దాని హోరుకు మాట వినబడడం లేదు. నేను తడి అంచు దాకా వెళ్లలేక ఇసుకలో కూర్చుండిపోయాను. అక్క ఒక్కతే ముందుకు వెళ్లింది. కుచ్చెళ్లు కొంచెం ఎత్తి పట్టుకుని, నాకు వీపు పెట్టి, నీళ్లలో నిలబడింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. పిలవాలనుకుని మానుకున్నాను. చుట్టూ శనగలు అమ్మేవాళ్లు, ఆడుకునే పిల్లలు, పేరు పెట్టి ఒకరినొకరు పిలుచుకునే జనం. అంతమందిలో మా ఇద్దరినీ ఎరిగినవాళ్లు లేరు. ఆ నిమిషంలో ఆమెకు నేనూ నాకు ఆమే ఉన్నట్టు కూడా అనిపించలేదు. ఆమె తన ఏళ్లను చూసుకుంటోంది. నేను నావి.

తిరిగి వచ్చేసరికి ఆయన ఇంటికి వచ్చేసి ఉన్నాడు. లోపల్నుంచి, "ఎక్కడికి వెళ్లావు?" అని వినబడింది.

"గుడికి," అంది అక్క. అని, నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలి, లోపలికి వెళ్లింది. నేను అరుగు మీద కాసేపు నిలబడ్డాను. లోపల ఇంక మాటలేమీ వినబడలేదు. సందులో అప్పుడే దీపాలు వెలిగిస్తున్నారు. నా దారిన నేను సత్రానికి వచ్చేశాను.

రెండు రోజులకు మేము కడప రైలెక్కాం. అక్కను మళ్లీ చూడలేదు. తర్వాత అటు వెళ్లిన మా వాళ్లొకరు ఆ ఇంట్లో వేరే ఎవరో ఉన్నారని చెప్పారు. ఆయనకు బదిలీ అయిందట, ఎక్కడికో వాళ్లకూ తెలియదట.

నాలో ఒక్కటి మారింది. అడగడం నేర్చుకున్నాను. మరుసటేడు మా వీధివాళ్లు కొందరు అహోబిలం బయల్దేరుతుంటే, "నేనూ పోతా అన్నా," అన్నాను. అన్న నా మొహం చూసి, "పోయిరా పాపా," అన్నాడు, అంతే. ఆళ్లగడ్డ దాకా బస్సు, అక్కణ్నుంచి ఎడ్లబండి. ఎగువ అహోబిలంలో దర్శనం అయ్యాక మిగతావాళ్లు వంట ప్రయత్నంలో పడ్డారు. నేను వాగు పక్కన రాళ్ల మీదుగా కొంత దూరం ఒక్కదాన్నే నడిచాను. నల్లమల చెట్ల మీద మంచు ఇంకా విడలేదు. కొండ పైనుంచి నీటిధార పడి చెదిరి, సన్నటి జల్లుగా నా మొహం మీద పడుతోంది. అక్కడెంతో బాగుంది. ఎవరికైనా చెప్పాలనిపించి పక్కకు తిరిగాను. ఎవరూ లేరు. మొహం తుడుచుకోకుండా అలాగే చాలాసేపు నిలబడ్డాను. ఆ తర్వాత కింద నుంచి అన్నానికి పిలుస్తుంటే దిగి వెళ్లాను.