మిరప కల్లంలో కప్ప బండి

మొన్నటి వానలకు నందిగామలో మా వీధిలోకి నడుం లోతు నీళ్ళొచ్చి, మా ఆయన స్కూటరు వాటిలో మునిగిపోయింది. నీళ్ళు తీశాక మెకానిక్కు వచ్చి అడుగున బోల్టు విప్పాడు. నల్లగా రావలసిన ఆయిలు, పాలెక్కువైన టీ రంగులో, నురగ కట్టి చిక్కగా జారింది. ఆయిలూ ఏటి బురదా కలిసిన ఆ వాసన తగిలేసరికి నేను గరిటె పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. లోపల పప్పు అడుగంటింది. ఆ వాసన నాకు తెలుసు, పదేళ్ళప్పుడు మా ఊళ్ళో ఐదు రోజులపాటు పీల్చాను.

మా ఊరు చెవిటికల్లు, కృష్ణ ఒడ్డున. వేసవి మొదట్లో ఊరికి రెండు రంగులుండేవి, ఏట్లో తెల్లటి ఇసక, ఊరి బయట కల్లాల్లో ఎర్రటి మిరపకాయలు. పొద్దు పొడవక ముందే వేపపూత వాసన, పొద్దెక్కాక మిరప ఘాటు. ఆ ఘాటుకి ఊళ్ళో ఎవరింటికెళ్ళినా పలకరింపు కంటే ముందు తుమ్మే వినపడేది. మేం పిల్లలం చింతచిగురు దూసుకుని ఒళ్ళో పోసుకుని, కాయల కుప్పల పక్కన అష్టాచెమ్మా గీసుకుని ఆడేవాళ్ళం. ఆడుతూ ఆడుతూ మర్చిపోయి కళ్ళు నులుముకుంటే ఇంక ఏడుపే. అప్పుడు మా నాయనమ్మ మరియమ్మ చల్లటి మజ్జిగలో తడిపిన గుడ్డ తెచ్చి కళ్ళకు అద్దేది.

మిరపకాయలు ఎండబెట్టడంలో నాయనమ్మ మాటంటే మాటే. పొలం ఆసామి కూడా ఆమెనడక్కుండా కల్లం ఎత్తించేవాడు కాదు. పొద్దున తిరగెయ్యాలి, మధ్యాహ్నం కాలితో దున్నినట్టు సాళ్ళు చెయ్యాలి, మంచు పడక ముందే పట్టా కప్పాలి. గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర గలగలలాడించి, "ఇంకో పూట ఆగాలిరా," అనేదంటే ఆగాల్సిందే. ఈస్టరు ముందు నలభై రోజులూ నీచు ముట్టకుండా, పచ్చిపులుసూ అన్నమే తింటూ, పొద్దుగూకిందాకా ఆ ఎండలోనే ఉండేది.

ఆ ఏడే మా ఊరికి కప్ప బండి వచ్చింది. ఏట్లో కొలతలు తీయడానికి ఒక కాంట్రాక్టరు తెప్పించాడు. ఆరు చక్రాలు, కింద తొట్టిలాంటి ఒళ్ళు, స్టీరింగు ఉండదు, రెండు చేతికర్రలే. ఇసక మీద పరుగెత్తి పరుగెత్తి ఆగకుండా నీళ్ళలోకి దిగి, చక్రాలతోనే నీళ్ళు తోసుకుంటూ అవతల లంకలోకి ఎక్కేది. దాన్ని నడపడానికి ఏటి లోతులు తెలిసిన మనిషి కావాలని మా నాన్న ఏసోబుని పెట్టుకున్నారు. కూలికెళ్ళే మా నాన్న నెల తిరక్కుండానే ఖాకీ చొక్కా తొడుక్కుని దాని మీద కూర్చుంటే, మేం పిల్లలం వెనకాల ఇసకలో పడుతూ లేస్తూ పరుగెత్తేవాళ్ళం. పని నచ్చితే ముక్త్యాలలో తన లారీల దగ్గర పర్మినెంటు డ్రైవరుగా వేస్తాననీ, ఉండటానికి గది ఇస్తాననీ కాంట్రాక్టరు మాటిచ్చాడు. అమ్మ అప్పుడే ఆ గదిలో బియ్యం డబ్బా ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తుండేది.

ఆ బండి అడుగున నీళ్ళు పోవడానికి ఒక కంత, దానికో బిరడా ఉంటాయి. నాన్నకి దేవుడిరోజు బండి మురికిగా ఉంటే నచ్చదు. శనివారం సాయంత్రం బిరడా తీసి, బురదంతా కడిగి, ఆదివారం ఆరనిచ్చి, సోమవారం మళ్ళీ బిగించేవాడు. ఒక సోమవారం బిగించడం మర్చిపోయాడు. బిరడా ఇంట్లో గూట్లో సబ్బు పక్కన ఉండిపోయింది. లంకకి వెళ్ళే పాయ మధ్యలో బండి నెమ్మదిగా కిందికి పోవడం ఒడ్డునున్న అందరం చూశాం. నాన్న చివరిదాకా ఆ చేతికర్రలు వదల్లేదు. మెడ దాకా నీళ్ళొచ్చాక ఈదుకుంటూ వచ్చి, ఒడ్డున కూలబడి, "బిరడా," అన్నాడు. అంతే.

ఆసామి ట్రాక్టరుకి మోకు కట్టి పొద్దుగూకే వేళకి బండిని బయటికి లాగారు. కాంట్రాక్టరు శనివారం వస్తాడు. ఆలోగా ఇంజను మోగాలి, లేకపోతే ముక్త్యాల ఉద్యోగం లేనట్టే. నాన్న మర్నాడు పొద్దున్నే నందిగామ వెళితే మెకానిక్కు మస్తాన్ కొట్టుకి తాళం. చెల్లెలి పెళ్ళికి జగ్గయ్యపేట వెళ్ళాడు, గురువారం గానీ రాడన్నారు. వేరే ఎవరికీ ఆ బండి ఇంజను తెలీదు. నాన్న కబురు మాత్రం చెప్పి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

నాయనమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. తడిసినదాన్ని ఏం చెయ్యాలో ఆమెకు తెలిసినట్టు ఊళ్ళో ఎవరికి తెలుసు?

"మూతలన్నీ తియ్యరా. లోన చెమ్మ ఉంటే ముక్కిపోద్ది. రెండెండలు తగిలిస్తే అదే దారికొస్తది."

"ఇనుముకి కూడా అంతేనంటావా అమ్మా?"

"ఏదైనా అంతేరా. మొన్న నీ రేడియో ఎండబెడితే పలకలా?"

రేడియో పలికిన మాట నిజమే. నాన్నకీ అదే సబబనిపించింది. ఊరంతా కూడా అదే మాటంది. మూతలు విప్పి, ప్లగ్గులు ఊడదీసి, బండిని కల్లంలోకి తోసి, మిరపకాయల పక్కనే ఎండకు పెట్టారు. సీట్లూ వైర్లూ పట్టా మీద పరిచారు. నాయనమ్మ కాయలు తిరగేసినప్పుడల్లా వాటినీ తిరగేసేది. ఎండ మళ్ళినకొద్దీ బండి మొహం తిప్పించేది. సాయంత్రం మంచు పడకుండా మంచి పట్టా దానికే కప్పి, చిల్లుపట్టా కాయలకు వేసింది. పాస్టరుగారొచ్చి ఇంజను మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఎండలో కాలుతున్న ఇనుము మీద ఆయన చెయ్యి ఎంతసేపు ఉంచగలరా అని మేం లెక్కపెట్టుకున్నాం. ఇరవై దాకా ఉంచారు.

గురువారం మస్తాన్ సైకిలు దిగుతూనే ఆ పరిచిన సామాను చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ప్లగ్గు కంతలోకి టార్చిలైటు వేసి చూశాడు. లోపలంతా ఎర్రటి తుప్పు.

"ఎవరయ్యా దీన్ని ఎండబెట్టమంది? మిరపకాయలనుకున్నారా? తీసిన వెంటనే నీళ్ళు వంపి, డీజిలుతో కడిగితే ఆ పూటకే మోగేది. నేను లేకపోతే మళ్ళీ ఏట్లోనే ముంచి ఉంచాల్సింది. నీళ్ళు కాదయ్యా తినేది, ఆ తర్వాత తగిలే గాలి."

నాన్న తల తిప్పకుండా, "నాకే తోచింది మస్తానూ. నేనే పెట్టా," అన్నాడు.

"తోచిందా! బుర్ర కూడా ఎండబెట్టుకోలేకపోయావా పక్కనే?"

నాయనమ్మ పది అడుగుల దూరంలో కూర్చుని కాయలకు తొడిమలు తీస్తోంది. ఆమె చేతులు ఆగాయి. కాసేపటికి మళ్ళీ కదిలాయి. ఆమె చెవులు మందగించాయనీ, వినలేదనీ ఇంట్లో మేమందరం అనుకున్నాం. ఆమెకి చెప్పొద్దని అమ్మ నా చెంపలు రెండూ పట్టుకుని మరీ చెప్పింది.

ఆ మిగిలిన రెండు రోజులూ మాకు చేతనైంది ఏమీ లేదు, చుట్టూ కూర్చోవడం తప్ప. ఏటి నీళ్ళు కలిసి టీ రంగుకి తిరిగిన ఆయిలు వంపారు. పిస్టన్లు బిగుసుకుపోయాయి. డీజిలూ కిరసనాయిలూ కలిపి కంతలోంచి పోస్తూ, మెత్తటి చెక్క ముక్కతో తడుతూ, ఇంజను చక్రాన్ని వెంట్రుక వాసి అటూ ఇటూ కదుపుతూ మస్తాన్ కూర్చున్నాడు. శుక్రవారం నమాజుకెళ్ళి కూడా భోజనానికి ఆగకుండా తిరిగొచ్చాడు. అప్పుడు నాయనమ్మ లోపలికి వెళ్ళి, తన మోకాళ్ళకు రాసుకునే ఆముదం సీసా తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇది కూడా పొయ్యి నాయనా. కీళ్ళు పట్టేస్తే ఇదే వదిలిస్తది."

మస్తాన్ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "పోద్దాంలే అమ్మా," అని ఆమె చేతనే పోయించాడు.

శనివారం పొద్దున తాడు లాగితే ఇంజను మోగింది. తెల్లటి పొగ, ఆముదం దీపం ఆర్పినప్పటి వాసన. ఆడవాళ్ళు గోలగోలగా స్తోత్రాలు చెప్పారు, అమ్మ నన్నెత్తుకుని ఏడ్చింది. ఒక ఆకు వక్క నమిలేంత సేపు మోగిందేమో. లోపల ఎవరో రోట్లో రాళ్ళు దంచినట్టు టకటకమని, ఆగిపోయింది. కాంట్రాక్టరు జీపు వచ్చేసరికి నాన్న ఇంకా తాడు లాగుతూనే ఉన్నాడు. అరచెయ్యి చీరుకుపోయి తాడంతా ఎర్రబడింది. మస్తాన్ వచ్చి ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇక లేదు ఏసోబూ."

కాంట్రాక్టరు కేకలేస్తాడనుకున్నాం. "సరేలే, నువ్వు మాత్రం ఏం చేస్తావ్," అని, బండిని లారీకెక్కించి తీసుకుపోయాడు. ముక్త్యాల మాట ఎత్తలేదు. నాన్న కూడా అడగలేదు. సోమవారం ఖాకీ చొక్కా మడిచి పెట్టెలో పెట్టి, కొడవలి తీసుకుని కూలికి వెళ్ళాడు.

ఆ పై వారం ఆసామి కల్లం దగ్గరికొచ్చి, కాయలు ఎత్తమంటావా మరియమ్మా అనడిగితే, నాయనమ్మ గుప్పెడు కాయలు తీసుకుంది గానీ చెవి దగ్గర పెట్టుకోలేదు. నాన్న వైపు చూసి, "ఏరా, ఎండినియ్యంటావా?" అంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఇంకొకరిని ఆ మాట అడగడం నేను వినలేదు. నాన్న పనాపి వచ్చి, తనూ గుప్పెడు తీసి, ఎప్పుడూ పట్టించుకోని ఆ గలగలని శ్రద్ధగా విని, "నాకేం తెలుసమ్మా, నువ్వు చెప్పు," అన్నాడు. అప్పటినుంచి పోయేదాకా పదేళ్ళు అలాగే అడిగింది, వడియాలకీ, చింతపండుకీ, చివరికి దణ్ణెం మీది చీరకి కూడా. నాన్న ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఎందుకడుగుతున్నావని ఆయనా అనలేదు, ఆమె కూడా చెప్పలేదు.

ఇప్పుడు నాయనమ్మా లేదు, నాన్నా లేడు. ఆ కల్లం ఉన్నచోట ఇళ్ళ స్థలాలకు రాళ్ళు పాతారు. లంకకి వెళ్ళే పాయని ఇసక లారీలు తవ్వి తవ్వి, అది ఎక్కడుండేదో చూపించమంటే నేనూ చూపించలేను. మా ఇంట్లో మిరపకాయలు సంచిలో ఎండి వస్తాయి, తెరిచి డబ్బాలో పోసుకోవడమే. నిన్న డాబా మీద దుప్పటి తీద్దామని వెళ్ళి, అంచు పట్టుకుని చూసి, "ఎండిందంటారా?" అని కిందికి కేకేశాను. మా ఆయన, పట్టుకుంది నువ్వు కదా, నన్నడుగుతావేంటి అన్నాడు.