థర్మకోల్ కొండకు సలహాదారు

నేను గైడ్ పని మానేయడానికి ముందు సంవత్సరం, ఏప్రిల్‌లో, ఫిల్మ్ నగర్‌లోని ఒక స్టూడియోవాళ్లు నన్ను పర్వతారోహణ సలహాదారుగా నియమించారు. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా హిమాలయాల్లో జనాన్ని ఎక్కించి దించుతున్నాను. ఇక్కడి కొండ ఎత్తు ముప్పై అడుగులు. ఇనుప గొట్టాల మీద థర్మకోల్ అతికించి, తెల్ల రంగు కొట్టి మంచు అన్నారు. ఆ మంచులో అందరికీ చెమటలు కారుతున్నాయి.

హీరో కొండ అంచుకు వేలాడి చేతులు వదిలెయ్యాలి. వదిలే పని మాత్రం బోరబండ నుంచి వచ్చే నర్సింగ్‌ది. నలభై దాటిన డూప్ అతను. మా వృత్తిలో మనిషి బరువును ఒక్క తాడుకే అప్పగించం. అది తెగితే ఆదుకోవడానికి, వేరే చోట కట్టిన రెండోది ఉండాలి. రెండింటినీ స్టూడియో పైకప్పు దూలాలకు కట్టించాను. డైరెక్టర్‌గారు మానిటర్‌లో చూసి, "రెండో తాడు ఫ్రేములోకి వస్తోందండీ, తీయించేద్దాం" అన్నారు. కుదరదన్నాను. ఆయన ఎంతో మర్యాదగా నన్ను కాఫీకి పంపించారు. తాగి వచ్చేసరికి రెండో తాడు లేదు, కింద నేను వేయించిన పరుపులూ లేవు. మొదటి తాడు లైటుకు అడ్డమని, దాన్ని విప్పి కొండ వెనక గొట్టానికి కట్టేశారు. నర్సింగ్ అప్పటికే పైన వేలాడుతున్నాడు.

ఆ గొట్టాన్ని బిగించిన క్లాంపు జారుతోంది. ఆపండి, ఆపండి అని అరిచాను. గాలి కోసం పెట్టిన పెద్ద ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఒక అసిస్టెంటు నావైపు చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. నర్సింగ్ ఒక చెయ్యి వదిలాడు.

"కట్" అని అరిచాను.

అన్నీ ఆగాయి. నర్సింగ్ చెయ్యి మళ్లీ అంచును పట్టుకుంది. నిచ్చెన వేసి దింపుతుండగానే క్లాంపు ఊడి కింద పడింది. డైరెక్టర్‌గారు దానివైపు చూడలేదు, కట్ అన్నదెవరని అడిగారు. నేనేనన్నాను. సెట్లో ఆ మాట అనే హక్కు తనకొక్కరికే ఉందని వివరించి, అప్పటికప్పుడే శాలువా కప్పి పంపించేశారు.

నర్సింగ్ గేటు దాకా వచ్చాడు. "మీరు ఆపమన్నది ఇనబడ్డది సార్. లైటోళ్లకు చెప్తున్నరనుకున్న. మాకు కట్ అంటేనే" అన్నాడు. రేపు మళ్లీ అదే షాట్ అట, రెండు తాళ్లు ఎట్ల కట్టాలో జర చూపియ్యమన్నాడు. అక్కడే నిలబడి చూపించాను.

అనుభవముంది కదా, నా మాట ఎక్కడైనా చెల్లుతుందనుకోవడం నా పొరపాటు. ఆ తర్వాత ఎవరు పిలిచినా, ఏ మాటకు మీవాళ్లు ఆగుతారు, ఆ మాట అనే అధికారం నాకిస్తారా అని ముందే అడిగాను. ఇస్తామన్నవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరి దగ్గరే పనిచేసి ఉద్యోగం ముగించాను.