ఉప్పు బస్తా మీద మా అమ్మ

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేనికి కరువొచ్చినా ఉప్పుకు మాత్రం రాలేదు. శ్రీకాకుళానికి దిగువన సముద్రం ఒడ్డు ఊరు మాది, ఉప్పుచేపల వ్యాపారం. వసారాలో ఎప్పుడూ ఉప్పు బస్తాలు ఉండేవి.

మా నాన్న చెల్లెలు, మా చిన్నత్తకు, చిన్నతనంలోనే సుగరొచ్చింది. ఇన్సులిన్ సూది పడకపోతే బతకని రకం. పాపం, తీపి ముట్టేది కాదు. పెద్దయ్యాక బీపీ కూడా తగులుకుంది. సుగరుకు బీపీ తోడైతే రెండూ కలిసి కళ్ళనూ కిడ్నీలనూ తినేస్తాయని, మాత్ర రోజూ మింగాలని, ఉప్పు తగ్గించాలని డాక్టరు గట్టిగానే చెప్పారు. అప్పటికే ఆమె కుడికన్ను మసకబారింది.

ఆ మాట మా వాళ్ళ చెవికెక్కితే కదా! నొప్పిలేనిది కూడా ఒక జబ్బేనా అని నాన్న నవ్వేవాడు. అమ్మ ఆమెకు విడిగా చప్పిడి కూర వండితే, నాయనమ్మ జాలి ఒలకబోస్తూ వేయించిన ఉప్పుచేప ముక్క కంచంలో పడేసేది. "తీపి కాదు కదే, తిను" అనేది. ఆ జాలిని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఒక ఆదివారం అమ్మ అందరికీ ఒకటే చేపల పులుసు వండింది. మొదటి ముద్దకే నాన్న కంచం తోసేశాడు. నాయనమ్మ తుపుక్కున ఉమ్మింది. చిన్నత్త మాత్రం తలవంచుకుని తన ముద్ద తాను తింటోంది. వంటింట్లో ఉప్పు జాడీ ఖాళీ. వసారాలోకి వెళ్ళి చూస్తే, విప్పిన ఉప్పు బస్తా మీద అమ్మ గరిటె పట్టుకుని కూర్చుంది. అత్తగారి ఎదుట ఏనాడూ గొంతెత్తని మనిషి.

"ఒక్క పూటకే మీ నోళ్ళు సచ్చిపోనాయేటి? అది బతికినన్నాల్లూ ఇదే తినాల. దాని కంచంలో ఉప్పుసేప ఏసినోల్లు రండి, నన్ను దాటి ఉప్పు ఒట్టుకెల్లండి!"

ఎవరూ దాటలేదు. నాన్న తిట్టుకుంటూ బయటికి పోయాడు. నాయనమ్మ చాలా రోజులు అమ్మతో మాట్లాడలేదు. కానీ చిన్నత్త కంచంలో మళ్ళీ ఉప్పుచేప పడలేదు. మాత్ర మింగేదాకా అమ్మ ఎదురుగా నిలబడేది. కుడికన్ను పోనే పోయింది. ఎడమకన్ను మిగిలింది. దాంతోనే ఆమె నా పెళ్ళి చూసింది.

ఇప్పటికీ పెళ్ళి బంతిలో సుగరున్నవాళ్ళ విస్తట్లో ఎవరైనా "తీపి కాదు కదా" అంటూ ఆవకాయ వేయబోతే, నా నోటికి అడ్డూ అదుపూ ఉండదు. ముసలి గయ్యాళి అంటారు. అననీ. ఉప్పు బస్తా మీద కూర్చున్నదాని కూతుర్ని నేను.