సంచుల చుట్టూ ఆట

ఆ రోజుల్లో మా కొండల మీదికి ఎవరొచ్చినా మేం ఆడాలి. మంత్రిగారొచ్చినా, సినిమా వాళ్లొచ్చినా, ఏ పెద్దాఫీసరుగారి తోడల్లుడో గుహలు చూడ్డానికొచ్చినా సరే, మా బడి హాస్టల్ ఆడపిల్లలందరికీ చీరలు మోకాళ్ల పైకి కట్టి, తలలో పూలు తురిమి, ఎండలో వరసగా నిలబెట్టేసేవారు. వచ్చినాయన కాసేపు మా థింసా ఆట చూసి, "ఇటు తిరగండమ్మా" అని మాతో ఫొటో దిగి, బిస్కెట్ పొట్లాలు పంచి వెళ్లిపోయేవాడు. థింసా అంటే నాకు ప్రాణం. ఆ బిస్కెట్ల థింసా అంటే మాత్రం ఒళ్లు మంట. పెద్దయ్యాక ఇలా ఎవరి ముందూ ఆడకూడదనీ, నన్ను చూస్తే జనానికి నా పని గుర్తుకు రావాలనీ ఒట్టు పెట్టుకున్నాను. (బిస్కెట్లు తినేశాకే పెట్టుకున్నాననుకోండి.)

ఆ పని కూడా దొరికింది. అరకు దగ్గర మా కాఫీ రైతుల సంఘంలో రుచి చూసే ఉద్యోగం. చెంచాడు కాఫీ చప్పుడయ్యేలా జుర్రి, నోరంతా తిప్పి, ఉమ్మేసి, ఏ తోట గింజ ఎలా ఉందో చెప్పాలి. మా అమ్మమ్మకి ఇది ఎంతకీ మింగుడు పడలేదు. "ఏటే గుంటా, కాఫీ నోట్లో ఎట్టుకోని ఊసీడానికి జీతవిత్తారా? మరి మింగీసినోలికి ఏటిత్తారు?" అని అడిగేది. అడిగి ఊరుకోకుండా సంతలో కనిపించిన ప్రతివాళ్లకీ నా ఉద్యోగం గురించి చెప్పుకునేది. అలాంటిది స్పెయిన్ దేశంలో, బార్సిలోనాలో కాఫీ ప్రదర్శనకి సంఘం నన్ను పంపిస్తోందనగానే ఆవిడ నా సంచీ పట్టుకుని ఒకటే మాట చెప్పింది. "పరాయోల్ల ఊరు. సంకలోంచి సంచీ దించకు."

నాతో వచ్చింది మా సార్. సంఘానికి మేనేజరు, విశాఖపట్నం మనిషి, మంచివాడే. ల్యాప్‌టాప్ బ్యాగు పట్టీ మెడలోంచి తీయకుండానే అన్నం తినేవారు. హోటల్లో దిగిన సాయంత్రం ఆయన తన పెట్టెలోంచి ఒక ఎర్రచీర తీసి నాముందు పెట్టారు.

"అమ్మాయ్, సోమవారం స్టాల్ ముందు ఒక్క ఐదు నిమిషాలు థింసా వేసెయ్. జనం మూగిపోతారు. ప్రదర్శన నిర్వాహకురాలికి మాట కూడా ఇచ్చేశాను."

"ఒక్కర్తినీ ఎలాగ ఆడతాను సార్? థింసాకి వరసుండాల. నడుం పట్టుకోడానికి పక్కన మనిసుండాల."

"వాళ్లకేం తెలుస్తుంది?"

"మరి కాఫీ రుచి ఎవరు సెప్తారు?"

"అది నేను చదివేస్తాలే, కాగితం ఉందిగా."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. అంత దూరం తీసుకొచ్చింది నా నాలుకని కాదు, నా కాళ్లనని తెలిసిపోయింది. ఆ చీర కట్టుకుని నిలబడ్డానంటే అక్కడికొచ్చిన కొనుగోలుదారులకి నేనెప్పటికీ ఆడే పిల్లనే. కట్టుకోనంటే వెనక్కి వెళ్లాక ఉద్యోగం ఉంటుందో లేదో. బాత్రూంలో కుళాయి తిప్పి మరీ ఏడ్చాను.

మర్నాడు ఆదివారం. పాత ఊరు చూద్దామని బయల్దేరాం, ఆయన ముందు, నేను వెనక. పెద్ద చర్చి ఎదుట రాళ్లు పరిచిన బయలు ఒకటి వచ్చింది. ఎప్పటి కాలం నుంచో ఊరు ఊరంతా చేరే చోటట. పక్కనే అంతకన్నా పాత కోటగోడ. మా సంతబయలుకి రాళ్లు పరిచి, వెనకాల చర్చి నిలబెడితే అలాగే ఉంటుంది. సార్ గోడకి ఫొటోలు తీస్తున్నారు. నేను సంచీ చంకలో బిగించి కోపంగా నిలబడి ఉండగా మోరి వినిపించింది. మా కొండల్లో ఊదే మోరే! చూద్దును కదా, చర్చి మెట్ల మీద మేళం వాళ్లు సన్నాయిలాంటివి ఊదుతున్నారు. వాళ్లలో ఒకాయన ఒక చేత్తో పిల్లనగ్రోవి పట్టి, రెండో చేత్తో తన మోచేతికే కట్టుకున్న గుప్పెడంత డోలు కొడుతున్నాడు. కింద జనం చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు. ఆ గుండ్రానికి సరిగ్గా నడుమ సంచులు, కోట్లు, గొడుగులు కుప్పగా పోసి ఉన్నాయి.

మా ఊరి నడుమ అమ్మవారి రాళ్లుంటాయి. చైత్రంలో వచ్చే మా ఇటుకల పండక్కి వాటి చుట్టూనే ఆడతాం. కాబట్టి నాకు అనుమానమే రాలేదు. బూట్లు విప్పేసి, మేజోళ్లతో ఆ చల్లటి రాళ్ల మీద నడిచివెళ్లి, సంచుల కుప్పకి భక్తిగా దణ్ణం పెట్టాను. (ఏ దేవతో ఏమో, కోరిక కూడా కోరుకున్నాను. ఏం కోరుకుని ఉంటానో మీకు తెలుసు.)

గుడ్డ బూట్లు తొడుక్కున్న ఒక ముసలావిడ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వి, నా చంకలోంచి సంచీ లాగి ఆ కుప్ప మీదే పడేసి, నన్ను తన పక్కన నిలబెట్టుకుంది. అమ్మమ్మ మాట అక్కడితో సరి. నేను అలవాటు కొద్దీ రెండు చేతులూ వెనక నుంచి పోనిచ్చి ఇటు ఆవిడ నడుమూ, అటు పొడుగాటి తాతగారి నడుమూ గట్టిగా పట్టుకున్నాను. తాతగారు మేకపిల్లలా ఎగిరారు. ఆవిడ నా చేతులు విడిపించి, అరచేతులు పట్టుకోవాలని చూపించింది. వాళ్లంతా లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ చిన్నచిన్న అడుగులేస్తున్నారు. నా కాళ్లేమో వరసని పాములా తిప్పాలని చూస్తున్నాయి. నేను లాగినకొద్దీ గుండ్రం కాస్తా గుడ్డు ఆకారానికొచ్చింది. ముసలావిడ తిట్టింది. భాష తెలియకపోయినా ఎందుకు తిట్టిందో పూర్తిగా అర్థమైంది, అచ్చం మా అమ్మమ్మ గొంతే.

అప్పుడు గమనించాను. ఆడేవాళ్లందరి మొహాలూ లోపలికే ఉన్నాయి. చుట్టూ మూగిన యాత్రికులకి కనిపించేవి వీపులు. మా పండగ ఆట కూడా అంతే. బయటికి తిరగమని చెప్పేది ఫొటోలవాళ్లే. నాకు ఒక్కసారిగా సంతోషం పొంగింది.

"ఒక్కర్తినీ ఆడలేనన్నావుగా!" సార్ నోరు తెరుచుకుని నిలబడి ఉన్నారు.

"ఒక్కర్తినా సార్ ఇప్పుడు? రండి, బేగి!"

ఆయన వద్దు వద్దంటూండగానే ముసలావిడ ఆ బ్యాగుని మెడలోంచి ఒలిచి కుప్పలో వేసేసింది. మొదట ఆయన కళ్లు బ్యాగు మీదే. తరవాత "ఒకటీ, రెండూ" అని పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టి చెమటలు కక్కారు. ఆయన నవ్వడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. ఇంతలో ఎవరో యాత్రికుడు వచ్చి, ఇటు తిరగమని ఆయన భుజం తట్టి కెమెరా చూపించాడు. సార్‌కి ఎక్కడలేని కోపం వచ్చింది. "ఆగవయ్యా, నీకోసం ఆడుతున్నామా ఏమిటి! లెక్క పోతుంది!" అని తెలుగులోనే కసిరి, నావైపు చూసి, చప్పున తల దించుకున్నారు.

సోమవారం పొద్దున్న ఎర్రచీర పెట్టెలోనే ఉండిపోయింది. నిర్వాహకురాలు వచ్చి, మీ అమ్మాయి డాన్సు ఎప్పుడని అడిగింది. సార్ గొంతు సవరించుకుని ఇంగ్లీషులో చెప్పారు: "ఈవిడ మా కాఫీ రుచి చూసే మనిషండీ. ఆట ఆదివారాలు, అదీ తనకి బుద్ధి పుడితే." నేను కాఫీ జుర్రిన చప్పుడుకి పక్క స్టాళ్లవాళ్లు కూడా తిరిగి చూశారు. చీర చివరికి అమ్మమ్మకి దక్కింది. అది కట్టుకుని ఆవిడ సంతకి వెళ్తే నేను విదేశాల నుంచి తెచ్చిన చీరని అందరూ పట్టి పట్టి చూశారట. (కొన్నది అరకులోనే.)

ఆ ఏడాది నుంచీ ఇటుకల పండగలో నేను సంచీ తీసుకెళ్లి అమ్మవారి రాళ్ల పక్కన పెట్టి ఆటలో కలిసేదాన్ని. నన్ను చూసి మిగతా ఆడవాళ్లూ పెట్టారు. ఇప్పుడు సంచులు, సెల్‌ఫోన్లు, పాలసీసాలు, గొడుగులు కలిసి పెద్ద కుప్పే అవుతుంది. మొన్న పండక్కి ఒక గైడు యాత్రికుల్ని వెంటబెట్టుకొచ్చి, సంపద అంతా తల్లికి సమర్పించాకే ఆట మొదలుపెట్టడం వీళ్ల తాతముత్తాతల నాటి ఆచారమని చెబుతున్నాడు. నాకు మోకాళ్ల నొప్పులొచ్చి ఆడటం తగ్గింది, సంచులకి కాపలా కూర్చుంటున్నాను. నిజం చెబుదామని నోరు తెరిచాను. ఈలోగా ఆ గుంపులోంచి ఒక పిల్ల, సంచీ చంకలో బిగించుకుని, చెప్పులు విప్పి వచ్చి, మా సంచుల కుప్పకి భక్తిగా దణ్ణం పెట్టింది.

నాకు నవ్వూ, కన్నీళ్లూ ఒక్కసారే వచ్చాయి. "ఆ సంచీ ఇలాగియ్యమ్మా. సెప్పులు తొడుక్కో, రాళ్లు గుచ్చుకుంటాయి. బేగి ఎల్లి నడుం పట్టుకో, వరస కదిలిపోతంది" అని తోశాను. ఆ పిల్ల వెళ్లి, నడుములు వదిలేసి చేతులు పట్టుకుని, వరసంతా వంకర చేసేసింది. సంచుల మధ్య కూర్చునే నేను దాన్ని తిట్టాను, అచ్చం ఆ గుడ్డ బూట్ల ముసలావిడలాగే.