రవి సార్ ఫోన్‌లో మాట్లాడిన ఇటలీ ముచ్చట

నేను ఏడో తరగతిలో ఉన్న ఆ సమ్మె రోజుల్లో... మా ఇంట్లో ఆదివారం సాయంత్రమంటే ఇటలీ.

అక్కడ మధ్యాహ్నం మొదలయ్యే ఫుట్‌బాల్ మ్యాచ్ మాకు సాయంత్రం, పొద్దు ఉండగానే వచ్చేది. దేవరుప్పుల దగ్గరున్న మా ఊళ్లో ఆ చానల్ కనిపించే టీవీ మాదొక్కటే. మా డ్రిల్లు మాస్టారు రవి సార్ వచ్చి గల్మ పక్కన, గడపకు ఆనుకుని, చాప మీద కూర్చునేవారు. చుట్టూ మేం పిల్లలం...

సార్‌ది గూడూరు అవతల ఓ తండా. మా బడిలో ఉద్యోగం దొరికి, మా వీధి చివర అర్ర కిరాయికి తీసుకున్నారు. ఏ వారం ఏ ఊరి జట్టు ఏ ఊరితో ఆడుతుందో ఆయనకు నోటికొచ్చు. మిలాన్, రోమ్, నేపుల్స్... మ్యాపులో చూడకముందే మాకు ఆ ఊళ్లు తెలుసు.

నాకు ఆట కంటే కోచ్‌ల కథలే ఇష్టం. ఒకాయన ఎన్ని కప్పులు గెలిచినా, అంత డబ్బున్న క్లబ్బులో ఎవరైనా గెలుస్తారనేవారట. ఇంకొకాయన ఆటగాళ్లందరినీ గోల్ ముందే నిలబెడతాడని పిరికివాడన్న పేరు. సార్‌కు ఇష్టమైనవాడు మాత్రం చిన్న ఊరి జట్టును నడిపే ఓ తెల్లజుట్టు ముసలాయన. వరసగా ఓడుతున్నాడు, నేడో రేపో తీసేస్తారని పుకారు...

రాష్ట్రం కోసం సమ్మె నడుస్తోంది. బడులు లేవు, బస్సులు లేవు. మా బాపు రోజూ దీక్షా శిబిరంలోనే. ఓ ఆదివారం సాయంత్రం మావాళ్లు ఎవరికీ చెప్పకుండా జనగామ రోడ్డు మీద బైఠాయించాలనుకున్నారు. తీరా వెళ్లేసరికి పోలీసులు ముందే అక్కడున్నారు. బాపుతో సహా అందరినీ వ్యాన్లలో ఎక్కించారు.

సరిగ్గా అదే సమయానికి మా ఇంట్లో, టీవీలో ఆ తెల్లజుట్టు కోచ్ జట్టు ఎడమవైపు నుంచి దూసుకొచ్చి గోల్ కొట్టింది. మేం కేకలు పెట్టాం. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి మరీ లోపలికి చూశారు...

రాత్రికి అందరినీ వదిలేశారు. మర్నాడు ఊరంతా ఒకటే గుసగుస. పోలీసులకు చెప్పిందెవరు?

శిబిరం పనులన్నీ చూసుకునే మల్లేశన్నకు ఒక విషయం గుర్తొచ్చిందట. శనివారం చాయ్ హోటల్ వెనుక రవి సార్ ఫోన్‌లో వాళ్ల తండా భాషలో మాట్లాడుతున్నారు. మధ్యమధ్య అర్థమైన మాటలు కొన్నే... లెఫ్ట్, సెంటర్, అటాక్, ఆదివారం సాయంత్రం.

అంతే. ఆ మాటలు, సార్ రోడ్డు మీదికి రాకుండా టీవీ ముందు కూర్చున్నారన్న మాటా ఇల్లిల్లూ తిరిగాయి. అమ్మ నన్ను సార్ దగ్గరికి ఆటకు వెళ్లనివ్వలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ భయమేసింది. చాప మీద కూర్చున్నప్పుడు ఆయన మా బాపు మాటలన్నీ విన్నారు కదా అనిపించింది...

సాయంత్రం మల్లేశన్న నలుగురిని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. బాపు సార్‌ను పిలిపించి కుర్చీ వేయించాడు. ఆయన కూర్చోలేదు.

మా తమ్ముడితో మ్యాచ్ గురించి మాట్లాడాను, అంతే అన్నారు సార్.

"ఆట ముచ్చటకు మాకు తెల్వని భాష ఎందుకు?" అన్నాడు మల్లేశన్న.

"మా యాడి నేర్పిన భాష అన్నా అది. తోడబుట్టినోనితోని ఇంకే భాషల మాట్లాడాలె?"

కన్నతల్లిని వాళ్లు యాడి అంటారని నాకు ఆరోజే తెలిసింది.

బాపు, ఇప్పుడే తమ్ముడికి ఫోన్ చేసి అందరూ వినేలా తెలుగులో మాట్లాడమన్నాడు. సార్ చేశారు. ఆదివారం మ్యాచ్ ఎట్లుందిరా అని అడిగారు. అటువైపు నుంచి తిరుగు ప్రశ్న వచ్చింది.

"ఏందన్నా, తెలుగుల మాట్లాడుతున్నవ్? పక్కన ఎవరున్నరు?"

తమ్ముడు బెదరకూడదని కాబోలు, ఎవరూ లేరన్నారు సార్. ఫోన్ ఠక్కున ఆగిపోయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మల్లేశన్న బాపు వైపు చూసిన చూపు నాకింకా గుర్తే... రేపటికల్లా అర్ర ఖాళీ చేయాలని సార్‌కు చెప్పి మల్లేశన్న వాళ్లు వెళ్లిపోయారు. బాపు వద్దనలేదు.

మర్నాడు మధ్యాహ్నం సార్ సామాను కట్టుకుంటుంటే, తలకు కట్టుతో ఒకతను మోటార్ సైకిల్ మీద వచ్చి దిగాడు. ఆయనే తమ్ముడు. భూపాలపల్లి బొగ్గు బాయిలో పని. అక్కడి సమ్మెలో లాఠీ దెబ్బ తిన్నాడు. అన్న ఎన్నడూ లేనిది తెలుగులో మాట్లాడేసరికి, పోలీసులు పట్టుకుని మాట్లాడిస్తున్నారనుకున్నాడట. అందుకే ఫోన్ ఆపేశాడు. అందుకే ఆ కట్టుతోనే అంత దూరం వచ్చాడు.

సంగతి తెలిసి బాపు, మల్లేశన్న గబగబా వచ్చారు. తమ్ముడు కోప్పడలేదు. ఒక్కటే అడిగాడు.

"రోడ్డు మీదికి రాలేదని మా అన్న మీద అనుమానపడ్డరు. రమ్మని ఒక్కలన్న పిలిచిన్రా?"

బాపు వంగి, కట్టిన పరుపు చుట్టను తనే ఎత్తి అర్రలో పెట్టాడు.

పై ఆదివారం బాపు స్వయంగా వెళ్లి సార్‌ను శిబిరానికి పిలుచుకుపోయాడు. ఆ సాయంత్రం మ్యాచ్ మేం పిల్లలమే చూశాం...

కానీ అనుమానం పూర్తిగా పోయిందా అంటే, లేదు. పోలీసులకు చెప్పిందెవరో ఈనాటికీ తెలియదు. రాష్ట్రం వచ్చాక, సార్ మహబూబాబాద్ వైపు బడికి మారిపోయే రోజు వరకు, ఆయన ఎదురొస్తే గొంతు తగ్గించేవాళ్లు ఒకరిద్దరు ఉండనే ఉన్నారు.

ఇప్పుడు ఇటలీ మ్యాచ్ ఎవరి ఫోన్‌లో వాళ్లకే వస్తోంది. చూడటానికి ఎవరింటికీ పోనక్కర్లేదు. మనిషి మీద అనుమానమొస్తే ఎదురుగా పిలిచి అడగనూ అక్కర్లేదు... చప్పుడు లేకుండా గ్రూపులోంచి తీసేస్తే సరిపోతుంది. ఎవరి తమ్ముడూ తలకు కట్టుతో వచ్చి నిలదీయడు.

మీ ఊరు కూడా ఇట్లా ఎవరినైనా అనుమానించిందా? చివరికి నిజం తెలిసిందా... తెలిస్తే నాకూ చెప్పండి.